సింగిల్ షాట్ పాయింట్ టూ టూ కూర్పించుకోవాలి, ఏ యాక్షన్ తీసుకోవాలి?

మహబూబ్‌నగర్ నుంచి ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న ఇది. మూడేళ్లుగా క్లబ్బు రైఫిల్‌తో 50 మీటర్ల ప్రోన్ (బోర్లా పడుకుని కాల్చేది) కాలుస్తున్నారు. లైసెన్సు చేతికొచ్చింది. తన భుజానికి, తన చేతికి సరిపోయేలా సొంత సింగిల్ షాట్ (ఒక్కో తూటా చేత్తో పెట్టి కాల్చే) పాయింట్ టూ టూ, అంటే 0.22 అంగుళాల, రైఫిల్ కూర్పించుకోవాలని ఉంది. యాక్షన్ (తూటాను లోపల పెట్టి, మూసి, పేల్చే భాగం) కోసం నాలుగు దారులు కనిపిస్తున్నాయట. ఒకటి, తెలిసినవారి ఇంట్లో ఉన్న పాత బ్రిటిష్ మార్టినీ. రెండు, ఒక సీనియర్ షూటర్ అమ్ముతున్న పాతికేళ్ల నాటి జర్మన్ టర్న్ బోల్ట్ (పిడి తిప్పి మూసేది), మ్యాచ్ 54 రకం. మూడు, కొత్తగా తెప్పించుకునే స్ట్రెయిట్ పుల్ (తిప్పకుండా నేరుగా లాగి నెట్టేది). నాలుగు, "ఫాలింగ్ బ్లాకే కదా, నేను చేసిస్తాను" అంటున్న ఊళ్లోని లేత్ మేస్త్రీ. చివర్లో ఒక మాట: "మంచి యాక్షన్ పడితే గ్రూపు సగానికి తగ్గుతుందంటారు, నిజమేనా సార్?"

జవాబు ముందే చెబుతాను: రెండోది, ఆ జర్మన్ టర్న్ బోల్ట్. అదీ విడి యాక్షన్‌గా వద్దు, దాని బ్యారెల్‌తో సహా తీసుకోండి. మార్టినీ ముచ్చటైన వస్తువు, కానీ పోటీకి మాత్రం వద్దు. స్ట్రెయిట్ పుల్ మంచిదే, మీకు ఇప్పుడే అక్కర్లేదు. నాలుగోదాని ఆలోచనే మానుకోండి. ఇక గ్రూపు, అంటే టార్గెట్ మీద గుండ్లు పడిన గుత్తి వెడల్పు, దాని సంగతి: సగానికి తగ్గదు. గ్రూపు పెట్టేది బ్యారెల్, తూటా. ఆ రెండూ కలిసి చేసిన పనిని చెడగొట్టకుండా ఉంటే అదే మంచి యాక్షన్.

నా సంగతి రెండు ముక్కల్లో. ఫౌజులో యంత్రాల మరమ్మతు విభాగం ఇ.ఎం.ఇ.లో పదిహేడేళ్లు తుపాకులు బాగుచేసే ఆర్మరర్‌గా చేశాను. బయటికొచ్చాక హైదరాబాద్‌లో ఒక రేంజిలో రైఫిళ్ల బాగోగులు చూశాను, అది మరో పందొమ్మిదేళ్లు. ఇప్పుడు నల్లగొండలో ఇంటిపట్టున ఉంటున్నాను. నేను గొప్ప షూటర్‌ను కాను. గొప్ప షూటర్లు కోపంగా తెచ్చి బల్ల మీద పెట్టిన రైఫిళ్లను విప్పి చూసినవాణ్ణి. అందుకే నా మాటల్లో గెలిచిన రైఫిళ్ల కన్నా మొరాయించిన రైఫిళ్లే ఎక్కువ కనిపిస్తాయి.

లేత్ మేస్త్రీ సంగతి ముందు తేల్చేద్దాం. మన వైపు లేత్ పనివాళ్ల చేతి మీద నాకు చాలా గౌరవం. మిర్యాలగూడలో రైస్ మిల్లు షాఫ్టు అరిగిపోతే, పొద్దున కొలత తీసుకుని సాయంత్రానికి కొత్తది దించేవాళ్లను చూశాను. కానీ ఇది షాఫ్టు కాదు. 1959 ఆయుధాల చట్టం ఆయుధం అన్న మాటకు ఇచ్చిన అర్థంలోనే దాని విడిభాగాలు కూడా ఉన్నాయి. బ్రీచ్ బ్లాకు (బ్యారెల్ వెనక మూసే దిమ్మ) ఒక్కటి చేసినా ఆయుధం చేసినట్టే లెక్క. తయారీ లైసెన్సు లేకుండా చేస్తే, 2019 సవరణ తర్వాత కనీస శిక్ష ఏడేళ్లు, పైకి యావజ్జీవం దాకా. మీ చేతిలో ఉన్న లైసెన్సు రైఫిల్ ఉంచుకోవడానికే, చేయించుకోవడానికి పనికిరాదు. చట్టం మాట పక్కన పెట్టినా, ఏ ఉక్కు వాడాడో, దానికి ఎంత పదును పెట్టాడో తెలియని బ్లాకును చెంపకు నాలుగు అంగుళాల దూరంలో పేల్చడమంటే నాకైతే ధైర్యం లేదు. కాబట్టి మన దగ్గర కూర్పించుకోవడం అంటే ఒకటే అర్థం: చట్టప్రకారం కొన్న యాక్షన్, బ్యారెల్, స్టాకు (భుజానికి ఆనించే చట్రం), ట్రిగ్గరు, గురి చూసే సైట్లను లైసెన్సున్న ఆర్మరర్ చేత మీ ఒంటికి తగ్గట్టు అమర్పించుకోవడం.

ఇక అసలు విషయం. యాక్షన్ అంటే గది తలుపు, గడియ రెండూ కలిసిన వస్తువు అనుకోండి. తూటాను గదిలోకి (దీన్నే చాంబర్ అంటాం) నెడుతుంది, తలుపు మూసి గడియ వేస్తుంది, పిన్నుతో కొట్టి పేలుస్తుంది, ఖాళీ గుల్లను బయటికి లాగుతుంది. పెద్ద తూటాల రైఫిళ్లలో గడియ బలమే మొదటి చింత, అందుకే వాటిలో చాలావాటి బోల్టుకు లగ్గులు (గడియ పళ్లు) ముందు వైపు, చాంబర్‌ను ఆనుకుని ఉంటాయి. పాయింట్ టూ టూలో ఒత్తిడి తక్కువ కనుక గడియ వెనక పడినా నష్టం లేదు. 1954లో వచ్చి ఆ అంకెనే పేరుగా పెట్టుకున్న మ్యాచ్ 54 అలాంటిదే. మీరు దుకాణంలోనో, అమ్మేవారి ఇంట్లోనో యాక్షన్ చేతిలోకి తీసుకున్నప్పుడు మనసులో పెట్టుకోవాల్సినవి రెండే ప్రశ్నలు. ప్రతిసారీ ఒకేలా మూసుకుంటోందా? ప్రతిసారీ ఒకేలా కొడుతోందా?

రెండో ప్రశ్నకు ఎందుకంత విలువో చెబుతాను. పాయింట్ టూ టూ తూటాలో అంటుకునే మందు అడుగు మధ్యలో ఉండదు, అంచు మడతలో చుట్టూ పరిచి ఉంటుంది. పిన్ను ఆ అంచును నలిపితేనే అది రాజుకుంటుంది. దెబ్బ ఒకసారి గట్టిగా, ఒకసారి మెత్తగా పడితే రాజుకునే తీరు మారుతుంది, దాంతో గుండు వేగం మారుతుంది. లెక్క వేసి చూడండి. పోటీ తూటా సెకనుకు సుమారు 325 మీటర్ల వేగంతో బయల్దేరి 50 మీటర్లు చేరేలోపు 12, 13 సెంటీమీటర్లు కిందికి జారుతుంది. వేగంలో 5 మీటర్ల తేడా వస్తే ఆ జారుడులో దాదాపు 4 మిల్లీమీటర్ల తేడా. టార్గెట్ మీద పది వలయం వ్యాసం మొత్తం 10.4 మిల్లీమీటర్లు. మీ తప్పేమీ లేకుండానే అందులో మూడో వంతుకు పైగా పోయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఇదే ప్రోన్‌లో మన జాయ్‌దీప్ కర్మాకర్ రెండు పాయింట్ల లోపు తేడాతో నాలుగో స్థానంలో ఆగిపోయారు. ఆ స్థాయిలో మిల్లీమీటర్లంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

ఒక మే నెలలో రేంజిలో ఒక అమ్మాయి రైఫిల్ ఉన్నట్టుండి పాడైంది. అడ్డంగా అంతా బాగుంది, నిలువుగా మాత్రం గుండ్లు దారం వేలాడినట్టు పడుతున్నాయి. కోచ్ ఊపిరి మీద అనుమానపడ్డాడు. వాళ్ల నాన్న బ్యారెల్ పోయిందన్నాడు, కొత్తదానికి ధర కూడా కనుక్కున్నాడు. నేను ఆ పూట కాల్చిన గుల్లల్లోంచి (ఫౌజులో ఖోకా అంటాం) పది ఏరి, టిఫిన్ డబ్బా మూత మీద వరుసగా బోర్లించి, ట్యూబ్‌లైటు కింద భూతద్దం పెట్టి చూశాను. ఆరింటి మీద పిన్ను గుర్తు చిన్న ఉలి దెబ్బలా లోతుగా, అంచులు పదునుగా ఉంది. మిగతా నాలుగింటి మీద గోటితో నొక్కినట్టు లేతగా ఉంది. బోల్టు విప్పితే లోపల స్ప్రింగు చుట్ల మధ్య పాత గ్రీజు, దానికి పట్టిన ఎర్రదుమ్ము కలిసి బెల్లం పాకంలా గట్టిపడి ఉన్నాయి. ఆ కుటుంబం దేవరకద్ర దగ్గర ఒక మామిడి తోటలో సొంతంగా సాధన ఏర్పాటు చేసుకుంది, అక్కడ పొడి సాధనకు (తూటా లేకుండా చేసేది) బోల్టు ఆడించీ ఆడించీ దుమ్మంతా లోపలికి పోయింది. స్ప్రింగు మార్చి, చిందీతో (గుడ్డ పేలికతో) శుభ్రంగా తుడిచి, ఒక చుక్క పల్చటి నూనె వేసి ఇచ్చాను. నిలువు గీత పోయింది. బ్యారెల్‌కు పెట్టబోయిన డబ్బు మిగిలింది.

ఆ రోజు ఆ పని గంటలో అయిపోవడానికి నా ప్రతిభ కారణం కాదు. ఆ రకం స్ప్రింగు నా డ్రాయర్లో ఉంది, అంతే. మీ ఎంపికలో నేను అన్నిటికన్నా పైన పెట్టేది ఇదే: పిన్ను, స్ప్రింగు, ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ గుల్లను లాగే కొక్కెం) మన దేశంలో, పోటీకి వారం ముందు అడిగినా దొరకాలి. మ్యాచ్ 54 రకం రైఫిళ్లు మన రేంజిల్లో దశాబ్దాలుగా ఉన్నాయి. ఒకరి దగ్గర లేకపోతే మరొకరి దగ్గర ఉంటుంది. దానికి తగిన అల్యూమినియం స్టాకులు, రెండు దశల ట్రిగ్గర్లు, వెనక సైటు కూర్చునే 11 మిల్లీమీటర్ల గాడి, అన్నీ అలవాటైన కొలతలు. ఫెయిన్‌వెర్క్‌బావ్, వాల్తర్ అనే జర్మన్ కంపెనీలవి కూడా ఏమాత్రం తీసిపోవు. స్విట్జర్లాండ్ కంపెనీ బ్లైకర్ రైఫిల్ గురించి విన్నవన్నీ నిజమే, చేతికి వెన్నలా ఉంటుంది. కానీ మహబూబ్‌నగర్‌లో కూర్చున్న మీకు దాని ఎక్స్‌ట్రాక్టర్ విరిగితే ఎవరిని అడుగుతారు?

మార్టినీ మీద నాకు కొంచెం మమకారం ఉంది, కాబట్టి నాలుగు మాటలు ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి. పీబాడీ అనే అమెరికన్ 1862లో పేటెంటు తీసుకున్న బ్లాకును స్విట్జర్లాండ్‌లో ఉన్న మార్టినీ అనే ఇంజనీరు మెరుగుపరిచాడు. బ్రిటిష్ సైన్యం 1871లో దాన్ని మార్టినీ-హెన్రీగా తీసుకుంది. కింద లివర్ లాగితే బ్లాకు వెనక చీల మీద తిరిగి, ముందు అంచు కిందికి వాలుతుంది. తూటా బొటనవేలితో నెట్టడమే. ఫాలింగ్ బ్లాకు వేరు. అందులో బ్లాకు మొత్తం నిలువు గాడిలో దిగుతుంది. 1872 నాటి ఫార్క్వార్‌సన్, బ్రౌనింగ్ 1879లో పేటెంటు తీసుకోగా విన్చెస్టర్ 1885లో తెచ్చిన సింగిల్ షాట్, 1960ల్లో వచ్చిన రూగర్ నంబర్ వన్, ఇవన్నీ ఆ వంశమే. చాలామంది ఈ రెండింటినీ ఒకటే అనుకుంటారు, మీ మేస్త్రీ కూడా అలాగే అనుకున్నట్టున్నాడు. బ్రిటిష్ తుపాకుల కంపెనీ బీ.ఎస్.ఏ. తర్వాతి రోజుల్లో పాయింట్ టూ టూలో తెచ్చిన మార్టినీ ఇంటర్నేషనల్ బ్రిటన్ ప్రోన్ షూటర్ల చేతుల్లో చాలాకాలం వెలిగింది. పిన్ను కదిలే దూరం తక్కువ కాబట్టి ట్రిగ్గరు తెగిన వెంటనే పేలుతుంది. అది దాని గొప్పతనం, కాదనను.

మరి ఎందుకు వద్దంటున్నాను? దాని స్టాకు రెండు ముక్కలు. వెనక కట్టె రిసీవర్‌కు (యాక్షన్ ఒంటికి) బిగుస్తుంది, ముందు కట్టె బ్యారెల్ వైపు వేలాడుతుంది. ప్రోన్‌లో స్లింగు (చేతికి బిగించే పట్టీ) లాగేది ఆ ముందు కట్టెనే. కూర్పు ఏమాత్రం తేడాగా ఉన్నా ఆ లాగుడు బ్యారెల్‌కు చేరుతుంది. మన దగ్గర ఆషాఢంలో కట్టె ఉబ్బి, మాఘంలో కుంచించుకుపోతుంది, జీరో (సరిచేసి పెట్టుకున్న గురి) దాంతోపాటే నడుస్తుంది. టర్న్ బోల్టుకైతే రిసీవర్ అడుగున చదునుగా కూర్చోవడానికి చోటుంటుంది, ఒకే స్టాకు, రెండు మరలు, బ్యారెల్ గాలిలో. మార్టినీకి మీకు నచ్చిన అల్యూమినియం స్టాకు తొడగడం కుదరదు. ఇక విడిభాగాలు. ఒక కుర్రాడు ఇలాగే వారసత్వంగా వచ్చిన మార్టినీని ముచ్చటపడి సిద్ధం చేయించుకున్నాడు. బాగానే కాల్చాడు కూడా. ఎనిమిదో నెలలో ఎక్స్‌ట్రాక్టర్ విరిగింది. ఇంగ్లండ్ నుంచి పాత భాగం దొరికి, కాగితాలు పూర్తయి, చేతికొచ్చేసరికి రాష్ట్ర పోటీలు రెండుసార్లు అయిపోయాయి. మీరు అడిగిన మార్టినీ ఏ తూటాకు చేసినదో కూడా రాయలేదు. పాయింట్ టూ టూ కాకపోతే చర్చే అక్కర్లేదు. ఇష్టముంటే లైసెన్సు మీద ఎక్కించుకుని ఆదివారాలు కాల్చుకోండి.

స్ట్రెయిట్ పుల్ సంగతి చిన్నగా ముగిస్తాను. ఫోర్ట్‌నర్ రకం యాక్షన్ బయాథ్లాన్ కోసం పుట్టింది. మంచులో స్కీల మీద పరుగెత్తి వచ్చి, గుండె దడదడలాడుతుంటే, భుజం కదలకుండా వేలితో లాగి బొటనవేలితో నెట్టి ఐదు గుండ్లు కాల్చాలి. అక్కడ సెకన్లే ప్రాణం. మీకు ప్రోన్‌లో 60 గుండ్లకు 50 నిమిషాలు, అంటే గుండుకు 50 సెకన్లు. టర్న్ బోల్టు తిప్పితే రెండు సెకన్లు ఎక్కువవుతాయి, కావాలంటే మంచినీళ్లు తాగే తీరికా ఉంటుంది. భుజంలో నొప్పి ఉన్నవారికి మాత్రం స్ట్రెయిట్ పుల్ నిజంగా మేలు చేస్తుంది. సైటర్లతో (గురి సరిచూసుకోవడానికి కాల్చే గుండ్లతో) కలిపి ఎనభై సార్లు మణికట్టు తిప్పడం వాళ్లకు చిన్న విషయం కాదు. మీకు అలాంటిదేమైనా ఉంటే చెప్పండి, అప్పుడు నా జవాబు మారుతుంది. ఎడమచేతి వాటమైనా ముందే చెప్పాలి. కుడిచేతి బోల్టు కొని తర్వాత సర్దుకుందామనుకున్నవాళ్లెవరూ సర్దుకోగా నేను చూడలేదు.

ఇప్పుడు ఆ సీనియర్ షూటర్ ఇంటికి వెళ్లినప్పుడు ఏం చూడాలో.

ఫైరింగ్ పిన్ను పడే చోట చాంబర్ అంచును భూతద్దంతో చూడండి. ఖాళీగా కాల్చే అలవాటున్న రైఫిళ్లలో పిన్ను నేరుగా ఆ అంచుకే తగిలి చిన్న గుంట పడుతుంది, దాని పక్కన లోహం గదిలోకి పొంగుతుంది. అగ్గిపుల్ల కొనతో తడిమినా తెలుస్తుంది. ఆ పొంగు వల్లే గుల్లలు బిగుసుకుని, ఎక్స్‌ట్రాక్టర్ గోళ్లు అరిగిపోతాయి. ఈ గుంట ఉంటే ధర తగ్గించమని అడగకండి, లేచి వచ్చేయండి. సరిచేసే పద్ధతులున్నాయి, కానీ మొదటి రైఫిల్‌తో ఆ తలనొప్పి ఎందుకు?

తర్వాత కళ్లు మూసుకుని బోల్టును ఇరవై సార్లు మూయండి. పిడి చివరి అంగుళం దిగేటప్పుడు చేతికి తగిలే బిగువు ఇరవై సార్లూ ఒకేలా ఉండాలి. రెండుసార్లు వదులుగా, ఒకసారి గరుకుగా అనిపిస్తే లోపల ఏదో అరిగింది. తూటా అంచు మందం ఒక మిల్లీమీటరు చిల్లర. బోల్టు ముఖానికీ బ్యారెల్‌కూ మధ్య ఆ సందు ఎంతుందో గేజి ఉన్న ఆర్మరరే తేల్చాలి, చేతి అంచనా చాలదు. బ్యారెల్ మూతి దగ్గర రాడ్డు రాసుకున్న గీతలున్నాయేమో చూడండి. బోల్టు మీద నంబరు, రిసీవర్ మీద నంబరు, లైసెన్సు పుస్తకంలో నంబరు మూడూ సరిపోవాలి. ఒక్క అంకె తేడాతో కలెక్టరేటు చుట్టూ ఏడాది తిరిగిన మనిషి నాకు తెలుసు. డబ్బు ఇచ్చే ముందు ఇంకోటి: ఇద్దరికీ లైసెన్సు ఉన్నా సరే, అమ్మే మనిషి జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషను అధికారికో రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాకే రైఫిల్ చేతులు మారాలి. "ముందు తీసుకెళ్లండి, కాగితాలు తర్వాత చూద్దాం" అంటే నవ్వి ఊరుకోండి.

బ్యారెల్‌తో సహా ఎందుకన్నానంటే, ఆ రెండూ పాతికేళ్లు కలిసి కాపురం చేశాయి. విడదీసి కొత్త బ్యారెల్ బిగించాలంటే చాంబర్ కోత, ఎక్స్‌ట్రాక్టర్ గాడులు, హెడ్‌స్పేసు (ఇందాక చెప్పిన సందు) అన్నీ మళ్లీ మొదలు. ఆ పని బాగా చేసే చేతులు మన దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పైగా పాయింట్ టూ టూ బ్యారెల్ అంత త్వరగా అరగదు. సీసపు గుండు, తక్కువ వేడి. పాతికేళ్ల నాటిదని భయపడకండి. ముందు అయిదారు రకాల తూటాలతో, ఒక్కో లాటు (ఒకే విడతలో తయారైన తూటాలు) నుంచి పది చొప్పున నాలుగు గ్రూపులు కాల్చి చూడండి. ఒకే పేరు, ఒకే డబ్బా రంగు, లాటు నంబరు మారితే గ్రూపు మారిపోతుంది. తూటాల కంపెనీల్లో లాపువాకు జర్మనీలో షోనెబెక్ దగ్గర, ఎలీకి ఇంగ్లండ్‌లో ఇందుకోసమే పరీక్షా రేంజిలున్నాయి. పోటీలకు వెళ్లిన మన షూటర్లు స్టాకు విప్పి యాక్షన్‌ను బిగింపులో పెట్టి, రోజంతా లాట్లు కాల్చి, నచ్చిన లాటును పెట్టెలకొద్దీ కొనుక్కుని వస్తారు. మీ బడ్జెట్టు నా చేతికిస్తే స్ట్రెయిట్ పుల్‌కూ దీనికీ మధ్య మిగిలే సొమ్మంతా మంచి లాటు తూటాల్లోనే పెడతాను. ఆ తూటాలను మాత్రం కారు డిక్కీలో ఉంచకండి. గుండు మీద పూత మైనం. మన ఎండకు అది కరిగి చాంబర్‌లో జిగురవుతుంది, ఆ తర్వాత యాక్షన్‌ను తిట్టుకుంటారు.

బరువు కూడా గుర్తుంచుకోండి. సైట్లు, చేతి ఆన్పు అన్నీ కలిపి 8 కిలోలు దాటకూడదు. అల్యూమినియం స్టాకుల మోజులో దాటించుకుని, పోటీ ఉదయం తూకం దగ్గర మరలు విప్పుతూ కూర్చున్నవాళ్లను చూశాను.

స్టాకు కొలతల సంగతి ఇప్పుడే వద్దు. ముందు వెళ్లి ఆ చాంబర్ అంచు చూసి, నంబర్లు సరిపోయాయో లేదో ఇక్కడ రాయండి. నంబరు మాత్రం రాయకండి తమ్ముడూ, సరిపోయాయి అంటే చాలు. వీలైతే ఆయన కాల్చిన ఖోకాలు పది అడిగి తెచ్చుకుని, పిన్ను గుర్తులు కనిపించేలా దగ్గరగా ఫొటో తీసి పెట్టండి. మిగతాది అవి చూశాక చెబుతాను.